చిన్న ఆఫీసుకు ఏ వీపీఎన్? ముందు మీ నెట్ కనెక్షన్ చూడండి

బాలానగర్‌లో 12 మంది ఆఫీసు, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, ఒక షేర్డ్ ఫోల్డర్, నలుగురు ఇంటి నుంచి పనిచేయాలి, ఏ వీపీఎన్ కొనమంటారని అడిగారు. మీకు కావాల్సిన వీపీఎన్ అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్యమైన దారి. ప్రకటనల్లో కనిపించే నెలవారీ వీపీఎన్‌లు మీకు అక్కర్లేదు. అవి మీ ఐపీని (నెట్‌లో మీ అడ్రసును) దాస్తాయి తప్ప ఆఫీసులోకి దారి చూపించవు.

ముందు రౌటర్ అడ్మిన్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపు ఉన్న అడ్రసు) చూడండి. గూగుల్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" కొట్టి వచ్చిన నంబరుతో పోల్చండి. రెండూ ఒకటే అయితే బయటి నుంచి నేరుగా చేరగల పబ్లిక్ ఐపీ ఉన్నట్టే. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ (నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నారు, రౌటర్‌లో ఎన్ని పోర్టులు (కనెక్షన్లు వచ్చే ద్వారాలు) ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లు లోపలికి రాలేరు. 192.168 కనిపిస్తే నెట్ వాళ్లు పెట్టిన డబ్బా కూడా రౌటర్‌గా నడుస్తోందని అర్థం. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్ మాత్రమే దాటించేలా) పెట్టించి మళ్లీ చూడండి.

పబ్లిక్ ఐపీ ఉంటే, లేదా స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) తీసుకుంటే, నా ఓటు వైర్‌గార్డ్ అనే ఉచిత వీపీఎన్‌కే. రౌటర్‌ఓఎస్ 7 ఉన్న మైక్రోటిక్ కంపెనీ రౌటర్‌లో అది ముందే ఉంటుంది, లైసెన్సు ఖర్చు లేదు. బయటికి తెరవాల్సింది ఒక్క యూడీపీ పోర్టు, మామూలుగా 51820. లోపమల్లా ఓటీపీ లేకపోవడమే: ల్యాప్‌టాప్‌లోని కీ (తాళంచెవిలా పనిచేసే రహస్య కోడ్) ఎవరి చేతిలో పడితే వాళ్లు లోపలికి వచ్చేస్తారు. అందుకే డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ తప్పనిసరి. ఒక్కో పరికరానికి ఒక్కో కీ ఇవ్వండి. ఒకే కీ ఉన్న ఫైలు ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ వేస్తే సర్వర్ చివరగా పలికిన అడ్రసుకే జవాబిస్తుంది, రెండూ మార్చి మార్చి తెగిపోతుంటాయి. పైగా ఫోన్ పోయినప్పుడు దాని ఒక్కదాని కీ తీసేయలేరు.

సీజీనాట్ అయితే టెయిల్‌స్కేల్, పోర్టులు తెరవకుండానే పరికరాలను కలిపే వీపీఎన్ సేవ. గూగుల్ లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాబట్టి ఓటీపీ అక్కడే పెట్టుకోవచ్చు. ఒక్క మెలిక ఉంది: మామూలు సెట్టింగులో పరికరం కీ 180 రోజులకు గడువు తీరుతుంది. ఆఫీసు మెషీన్‌కు దాన్ని ఆపకపోతే ఏదో ఒక ఉదయం అది మాయమవుతుంది, మళ్లీ లాగిన్ చేయడానికి ఆఫీసుకే పోవాల్సి రావచ్చు.

ఇక టాలీ. ఇంటి ల్యాప్‌టాప్‌లో టాలీ తెరిచి డేటా మాత్రం ఆఫీసు ఫోల్డర్ నుంచి లాగించకండి. ప్రతి స్క్రీన్‌కూ బోలెడు చిన్న చిన్న రీడ్‌లు వెళ్తాయి. నెట్ 100 ఎంబీపీఎస్ ఉన్నా రాకపోకల ఆలస్యం తగ్గదు. వోచర్ సేవ్ మధ్యలో లైన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. వీపీఎన్ మీదుగా ఎవరి ఆఫీసు పీసీకి వాళ్లే రిమోట్ డెస్క్‌టాప్ (ఆ పీసీ స్క్రీన్‌ను ఇంటి నుంచి నడిపే సౌకర్యం) పెట్టుకోవడం మేలు. ఆ పీసీలో విండోస్ ప్రో ఉండాలి, హోమ్‌లోకి అలా లాగిన్ కాలేరు. బయోస్‌లో (పీసీ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. లేకపోతే ఒక్క పవర్ కట్‌తో ఇంట్లో కూర్చున్నవాళ్ల పని ఆగిపోతుంది.

ఇప్పుడు ఎవరైనా రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఈరోజే మూసేయించండి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వాళ్లు వెతికేది దాన్నే. భద్రత లేని పాత వీపీఎన్ పద్ధతి పీపీటీపీ పెడతామనే వాళ్లకు నమస్కారం పెట్టి పంపేయండి.

అందరూ తగులుకునే చిక్కు ఒకటుంది. ఆఫీసులోనూ ఇంట్లోనూ 192.168.1 ఐపీ వరసే ఉంటే వీపీఎన్ కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది, కానీ ల్యాప్‌టాప్ ఆఫీసు సర్వర్‌ను ఇంట్లోనే వెతుకుతుంది. ఆఫీసు వరసను ముందే 10.37.20 లాంటిదానికి మార్చండి. ప్రింటర్లకు, టాలీ లైసెన్సు మెషీన్‌కు పాత ఐపీ రాసిపెట్టి ఉంటే అవీ మార్చాలి, ఒక ఆదివారం పెట్టుకోండి.

కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగులు (ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారో లాంటి రికార్డులు) 180 రోజులు దాచాలి. వైర్‌గార్డ్ తనంతట తాను పెద్దగా ఏమీ రాయదు, రౌటర్ లాగులను వేరే మెషీన్‌కు పంపించండి.

టెస్ట్ ఆఫీసు వైఫై మీద కాకుండా ఫోన్ హాట్‌స్పాట్ మీద చేయండి. లోపలే కూర్చుని చూస్తే వీపీఎన్ లేకుండానే అన్నీ తెరుచుకుంటాయి.