పోలీసులతో కాలనీ కమిటీ: చేరమనే చెప్తాను, ఒక్క షరతు మీద

నిజాంపేటలో మీ అపార్ట్‌మెంట్ల దగ్గర పోలీసులు మీటింగ్ పెట్టి, కమ్యూనిటీ పోలీసింగ్ కోసం, అంటే జనాన్ని కలుపుకుని కాపలా కాయడం కోసం, కాలనీ కమిటీ వేద్దామన్నారని రాశారు. ఇది నిజంగా పనికొచ్చేదా, కెమెరాలకు చందాలు వసూలు చేయడానికేనా, అసలు ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. మాది హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురా. పండగలు గొడవల్లేకుండా జరగాలని రెండు మతాల పెద్దలు, పోలీసులు కలిసి కూర్చునే శాంతి కమిటీలో మా నాన్న చాలా ఏళ్లు ఉన్నారు, ఆయన తర్వాత నేను వెళ్తున్నాను. మీరు చేరాలనే నా అభిప్రాయం. కాకపోతే పోలీసులు మిమ్మల్ని ఎంత అడుగుతారో, మీరూ వాళ్లను అంత అడగగలగాలి. ఈ షరతు ఎందుకో చెప్పాలంటే పాత సంగతులు కొన్ని చెప్పాలి.

బస్తీ జనాన్ని కాపలాలో కలుపుకోవడం కొత్త విషయమేమీ కాదు. అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో కొత్వాల్, అంటే నగర పోలీసు అధికారి, చేయాల్సిన పనులు వరసగా ఉన్నాయి. ఇళ్ల లెక్క రాసి పెట్టుకోవాలి, కొన్ని ఇళ్లను కలిపి ఒక మహల్లాగా చేసి దానికో పెద్దను పెట్టాలి, ఇరుగుపొరుగు కష్టసుఖాల్లో ఒకరికొకరు తోడుంటామని మాట తీసుకోవాలి. దాంతోపాటే, అదే మహల్లాలో ఎవరికీ తెలియకుండా వేగులనూ పెట్టుకోవాలి. తోడుండమని చెప్పేదీ, చాటుగా కనిపెట్టేదీ ఒకే అధికారి. ఈ రెండో పని ఈనాటి కమిటీల్లో కూడా ఎక్కడో ఒకచోట తొంగిచూస్తూనే ఉంటుంది.

మన నగరంలో కొత్వాల్ నేరుగా నిజాంకే జవాబుదారీ. 1920 నుంచి 1934 దాకా ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు మా పెద్దవాళ్లు గౌరవంగా తలుచుకునేవారు. 1918లో రెడ్డి హాస్టల్ మొదలవడానికి ముందు నిలిచింది ఆయనే. పిల్లల చదువు గురించి అంత పట్టించుకున్న పోలీసు అధికారి ఆ రోజుల్లో ఉన్నారంటే నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. అయినా అదంతా ఆయన మంచితనం. కొత్వాల్ మంచివాడు కాకపోతే అడిగే దారి బస్తీవాళ్లకు లేదు. ఊళ్లలోనూ అంతే, పోలీసు పనులు చూసే గ్రామాధికారి పోలీస్ పటేల్ ఎలాంటివాడైతే న్యాయం అలా ఉండేది.

ఇంగ్లీషువాళ్లు తమకొక రకం, మనకొక రకం పోలీసు పెట్టుకున్నారు. 1829లో రాబర్ట్ పీల్ లండన్‌లో పెట్టిన దళం, వీధుల్లో జనం మధ్య నడుస్తూ వాళ్ల ఒప్పుదలతో పని చేయాలని ఏర్పడింది. పోలీసులే ప్రజలు, ప్రజలే పోలీసులు అనే మాట ఆ సంప్రదాయానిదే. మన దేశానికి మాత్రం ఐర్లాండ్‌లో జనాన్ని అదుపులో పెట్టిన సాయుధ దళాన్ని నమూనాగా తీసుకున్నారు. 1857 తిరుగుబాటు తర్వాత వచ్చిన 1861 పోలీసు చట్టం ఆ అచ్చులోదే. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో లేదు కాబట్టి ఇక్కడి చట్టాలు వేరు. 1348 ఫసలీ నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్, అంటే 1938-39 నాటిది, ఇప్పటికీ కమిషనర్ ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. చట్టం ఏదైనా లెక్క చెప్పుకోవడం మాత్రం పైవాళ్లకే, కింద బస్తీకి కాదు.

ఆ లోటు ఎంత ప్రమాదమో 1978లో తెలిసింది. నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, రిక్షా తొక్కే ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చినా, కేసు రాయచూరుకు బదిలీ అయి అక్కడ నిందితులు విడుదలయ్యారు. స్టేషన్ మెట్లు ఎక్కడానికి మా వీధి ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఎందుకు జంకారో అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి తెలిసుండాలి. 1990 చివర్లో అల్లర్లు జరిగినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలు, బియ్యం తెచ్చుకోవడానికి పరుగులు పెట్టేవాళ్లం. పికెట్ దగ్గరున్న జవాన్లు బయటి నుంచి వచ్చినవాళ్లు, మాలో ఎవరు ఎవరో వాళ్లకు తెలియదు. టెన్షన్ తగ్గించింది రెండు మతాల పెద్దలు గల్లీ గల్లీ తిరగడమే.

పోలీసులకూ జనానికీ ముఖపరిచయం ఉండాలనే ఈ పాఠం ఇంకోచోట ఇంకోలా నేర్చుకున్నారు. అమెరికాలో పోలీసులు కార్లెక్కి తిరగడం మొదలుపెట్టాక జనానికి దూరమయ్యారు. 1972-73లో కాన్సాస్ సిటీలో కొన్ని బీట్లలో, అంటే గస్తీ ప్రాంతాల్లో, కార్ల గస్తీ పెంచి, కొన్నింట్లో ఆపేసి చూస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తర్వాత అక్కడే నెవార్క్ నగరంలో కాలినడక గస్తీ పెడితే నేరాలు పెద్దగా తగ్గకపోయినా జనంలో భయం తగ్గింది. మన దగ్గర తమిళనాడులో 1993లో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్, కేరళలో 2008లో జనమైత్రి అనే కమ్యూనిటీ పోలీసింగ్ పథకాలు మొదలయ్యాయి. జనమైత్రిలో బీట్ ఆఫీసర్ ఇంటింటికీ వెళ్లి పరిచయం చేసుకుంటాడు. నాకు నచ్చిన పద్ధతి అది. ఇక్కడ 2014 అక్టోబరులో వచ్చిన షీ టీమ్స్, అంటే ఆడపిల్లలను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాల వల్ల మా అమ్మాయిల్లో ధైర్యం పెరిగింది, ఈ మాట నేను మా ఇంట్లో చూసి చెప్తున్నాను.

శాంతి కమిటీ విషయానికొస్తే, అందులో అసలు పని వినాయక చవితికి, బోనాలకు, మొహర్రంకు ముందు జరుగుతుంది. బాలాపూర్ గణేశుడి ఊరేగింపు ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ మీదుగా చార్మినార్ దాటి హుస్సేన్‌సాగర్‌కు వెళ్తుంది. ఎక్కడ మైకు తగ్గించాలి, నమాజు వేళ ఎక్కడ ఆగకూడదు, ఏ సందులో కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి, ఏ కుర్రాడికి ముందే ఒక మాట చెప్పి పెట్టాలి, ఇవన్నీ మీటింగుల్లోనే తేలతాయి. 2023లో నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు పండగ మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. ముస్లిం పెద్దలు తమ జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడాది మళ్లీ పండగలు దగ్గర దగ్గరగా వస్తే మళ్లీ వాయిదా వేసుకున్నారు. ఎంత బందోబస్తు పెట్టినా అలాంటి నిర్ణయం పుట్టదు. ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నవాళ్ల మధ్యే పుడుతుంది.

నాకు కోపం తెప్పించేవీ ఉన్నాయి. బస్తీలను చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌ను కూడా కమ్యూనిటీ పోలీసింగ్ అని చెప్పడం నేను ఒప్పుకోను. అది పేదవాళ్ల ఇళ్లకే ఎందుకు వస్తుంది, గేటెడ్ కమ్యూనిటీకి ఎందుకు రాదు? 2021లో గంజాయి కోసమని రోడ్డు మీద కుర్రాళ్ల ఫోన్లు తెరిపించి చూశారు, అదీ తప్పే. ఇక కెమెరాలు. పోలీసుల ‘నేను సైతం’ పథకం కింద కాలనీలు సొంత డబ్బుతో పెట్టుకున్న కెమెరాల వల్ల గొలుసు దొంగలు దొరికిన మాట నిజం, వాటికి నేను వ్యతిరేకిని కాను. కానీ ఆ కెమెరా ఫుటేజీ ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో చందా ఇచ్చినవాడికి చెప్పి తీరాలి.

మీ విషయానికి వస్తే, మొదటి మీటింగులోనే మీ బీట్ కానిస్టేబుల్ పేరు, సెక్టార్ ఎస్సై నంబరు అడిగి తీసుకోండి. కమిటీలో ఫ్లాట్ల ఓనర్లే ఉంటే సగం కాలనీ బయట ఉన్నట్టే. అద్దెకున్నవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్లలో పనికొచ్చే ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఏ దొంగతనం జరిగినా ముందు అనుమానించేది వాళ్లనే. ప్రతి నెలా ఒకే రోజు కూర్చుందామని పట్టుబట్టండి. దొంగతనం జరిగినప్పుడు మాత్రమే పిలిచే కమిటీ నిలవదు. పోయిన నెల మీ కాలనీ నుంచి వెళ్లిన ఫిర్యాదుల్లో ఎన్నింటికి ఎఫ్ఐఆర్ అయింది, మిగతావి ఏమయ్యాయి అని అడగండి. ఫిర్యాదు చేసినవారికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, వేరే స్టేషన్ పరిధి అని వెనక్కి పంపకుండా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి, ఈ రెండూ అందరికీ తెలిసేలా లిఫ్ట్ దగ్గర అంటించండి. ఇన్‌స్పెక్టర్ మారినప్పుడు పాత మాటలన్నీ మొదటికొస్తాయి కాబట్టి ప్రతి మీటింగు మినిట్స్ రాసి ఆయన సంతకం తీసుకోండి. సంతకానికి మొదట కొంచెం మొహమాటపడతారు, రెండు మూడుసార్లకు అలవాటవుతుంది. మేము నోట్‌బుక్‌లో తేదీ, ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎప్పటిలోగా చేస్తామన్నారు, అయిందా లేదా అని గళ్లు గీసుకుని రాస్తాం. కావాలంటే కింద అడగండి, ఒక పేజీ ఎలా నింపుతామో వివరంగా రాస్తాను.