కప్పు సరే తల్లీ, ఇప్పుడు ఆ కాళ్ల సంగతి చూడు

తల్లీ,

ఫైనల్ అయిన రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు వెనకాల డప్పులు, కేకలు, నీ గొంతేమో బొంగురు. నేను చెప్పిందేదీ నీ చెవికెక్కలేదని తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నా, చదివి ఊరుకోకుండా మీ జట్టు గ్రూపులో కూడా పెట్టు.

గెలిచారు, సంతోషం. మెయిన్ టీమ్‌లో నలుగురు బయట కూర్చుంటే ఉన్నవాళ్లతో ఇంటర్ కాలేజియేట్ ఫుట్‌బాల్ కప్పు కొట్టడం మాటలు కాదు, ఇన్నేళ్లు కాలేజీలో పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా చేసినవాణ్ణి, దాని విలువ నాకు తెలుసు. మీ పెద్దమ్మ అయితే టవర్ క్లాక్ దాకా పోయి స్వీట్లు తెచ్చి వీధంతా పంచింది. కానీ ఆ స్వీట్లు తింటూ ప్రతివాళ్లూ అంటున్న మాట ఒకటుంది చూడు, "దెబ్బలు తగిలినా లెక్క చేయకుండా ఆడి గెలిచారంట గదా" అని, అది మాత్రం నాకు మింగుడు పడలేదు. లెక్క చేశారు కాబట్టే గెలిచారు. దెబ్బ తగిలినవాళ్లు ఎంత ఏడ్చినా బతిమాలినా మీ పీడీ మేడమ్ దించలేదు. బెంచీ మీదున్న నలుగురు దిగి ఆడారు, అంతే జరిగింది.

కుడి పక్క డిఫెన్స్ ఆడిన ఆ రైట్ బ్యాక్ పాపనే తీసుకో. నేను ఆ పక్క గ్యాలరీలోనే కూర్చున్నా. ఫస్టియర్ పిల్ల, అంతకుముందు ఖోఖో ఆడేదంట. మోకాలు దెబ్బతిన్న అమ్మాయి బూట్లు వేసుకుని దిగింది, ఒక సైజు పెద్దవి, ముందు భాగంలో పాత సాక్సు కుక్కి, లేసు మడమ చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టింది. మొదట్లో బంతి వస్తే చాలు గుడ్డిగా బయటికి తన్నేసింది, నాకే టెన్షన్ పుట్టింది. ఇంటర్వెల్ తర్వాత చూస్తే అంచు వెంట బంతి తెచ్చే అవతలి వింగర్‌ని లోపలికి రానివ్వకుండా గీత వైపే నెట్టుకుంటూ పోతోంది, తొందరపడి కాలు పెట్టడం లేదు, బంతిని చూడకుండా ఆ వింగర్ నడుమును చూస్తూ దారి మూస్తోంది. ఖోఖోలో అబ్బిన అడుగులు అవి. ఎవరన్నా నేర్పి ఉంటే మంచిదే, నేర్పకుండానే వచ్చి ఉంటే మాత్రం ఆ పిల్లను వదలొద్దు. ముందు సొంత బూట్లు కొనిపించండి. మన గ్రౌండ్లు ఎండకు రాయిలా బిగుసుకుపోయి ఉంటాయి, బూటు అడుగున పొడుగు స్టడ్స్ వద్దు, పొట్టివి, ఎక్కువ ఉన్నవి తీసుకోవాలి. అరువు బూట్లతో ఇంకోసారి దించితే ఆ చీలమండ కూడా పోతుంది, అప్పుడు మళ్లీ ఇంకొకరిని వెతుక్కోవాలి.

నీకు 1962 సంగతి చెప్పాలి. ఆ ఏడాది జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్లు ఫుట్‌బాల్ గోల్డ్ కొట్టారు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, మన హైదరాబాదు మనిషి. ఆ టోర్నీలో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే రహీమ్ అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు, ఫైనల్లో ఒక గోల్ అతనిదే. మా కాలంలో ప్రతి గ్రౌండులోనూ ఈ కథే చెప్పేవాళ్లు, కుట్లతో ఆడాడు చూడు, నీకు వేలు నొప్పా అని. అదే 1962లో చిలీలో వరల్డ్ కప్ జరిగింది. రెండో మ్యాచ్‌లోనే పీలేకి తొడ దగ్గర కండరం పట్టేసి టోర్నీకే దూరమయ్యాడు. బ్రెజిల్ వాళ్లు అమరిల్డో అనే కుర్రాణ్ణి దించారు. స్పెయిన్ మీద 2-1తో గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్సూ అతనివే. ఫైనల్లో చెకొస్లోవేకియా వాళ్లు ముందు గోల్ కొడితే సమం చేసిందీ అతనే, చివరికి 3-1. ఈ రెండో కథ ఎవరూ చెప్పరు ఎందుకో. మీరు గెలిచింది ఈ రెండో రకం కప్పు తల్లీ, రేపు కాలేజీలో సన్మానం పెట్టి మైకు ఇస్తే ఆ మాటే చెప్పు.

ఇంకోటి, ఆ రోజుల్లో దెబ్బ తగిలితే మార్చుకునే వీలు లేదు. వరల్డ్ కప్‌లో సబ్‌స్టిట్యూట్లను ఒప్పుకున్నదే 1970లో. ఆ 1970 సెమీఫైనల్లోనే పశ్చిమ జర్మనీ ఆటగాడు బెకెన్‌బావర్ భుజం జారితే చేతిని ఛాతీకి కట్టుకుని ఇటలీ మీద ఆడాడు, ఆ ఫోటో చూసి అందరూ అబ్బా ఏం ధైర్యం అంటారు. జర్మనీ వాళ్లకున్న ఇద్దరు సబ్‌స్టిట్యూట్లనీ అప్పటికే వాడేశారు, ఆడక ఏం చేస్తాడు? మ్యాచ్ కూడా 4-3తో పోయింది. ఇప్పుడు పెద్ద టోర్నీల్లో ఐదుగురిని మార్చుకోవచ్చు, ఆటలో మూడు సార్లు మాత్రమే ఆపి, ఇంటర్వెల్‌లో మార్చింది ఆ మూడింట్లోకి రాదు. మీ టోర్నీ రూలు వేరే ఉండొచ్చు, మేనేజర్ల మీటింగ్‌లోనే అడిగి రాసుకో. మొన్న మీరు చివరి పావుగంటకు ఒక్క మార్పు కూడా మిగుల్చుకోలేదు. ఆ టైంలో గోల్ కీపర్ కింద పడి ఉంటే ఏం చేసేవాళ్లు?

సరే, ఇప్పుడు నలుగురి సంగతి. యూనివర్సిటీ సెలక్షన్స్ దగ్గర పడుతున్నాయి, అందరికీ సౌత్ జోన్ యూనివర్సిటీల టోర్నీ ఆడాలని ఉంటుంది, కాబట్టి అందరూ "తగ్గిపోయింది" అనే చెప్తారు. కెప్టెన్‌గా నీ పని ఆ మాట నమ్మకపోవడం.

అన్నిటికన్నా ముందు తలకు దెబ్బ తగిలిన మిడ్‌ఫీల్డ్ అమ్మాయి. కాలు వాస్తే కనపడుతుంది, తల సంగతి కనపడదు. నెత్తురు రాలేదు కదా, లేచి నడిచింది కదా అని వదిలేస్తారు. తలలు గుద్దుకున్నాక తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మత్తుగా ఉండటం, అడిగిందే మళ్లీ అడగడం, ఊరికే చిరాకు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు ఆట అయిపోయినట్టే. ఒకటి రెండు రోజులు తేలికగా ఉండాలి, ఇంట్లో అటూ ఇటూ నడవొచ్చు, ఫోన్ మాత్రం తగ్గించాలి. తర్వాత మెల్లగా పరుగు, తర్వాత బంతితో ఒంటరిగా, తర్వాత అందరితో గానీ ఒకరినొకరు తాకకుండా, ఆపైన డాక్టర్ సరేనన్నాకే ఫుల్ ప్రాక్టీస్, ఆఖరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. మధ్యలో తలనొప్పి ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు, భయపెట్టడానికి చెప్పడం లేదు. వాంతులవుతున్నా, తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, మాట తడబడుతున్నా హాస్టల్లో పడుకోబెట్టకుండా అర్ధరాత్రయినా సరే సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోండి. ఆ అమ్మాయి రూమ్మేట్‌కి ఈ ముక్క విడిగా చెప్పు, నిజం ఆమెకే ముందు తెలుస్తుంది.

చీలమండ మడత పడిన పాపకు ఒక చిన్న లెక్క ఉంది. దెబ్బ తగిలిన కాలు మీద బరువు వేసి నాలుగు అడుగులు నడవలేకపోయినా, పక్కన పొడుచుకొచ్చే ఎముక వెనక అంచున వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. రెండూ లేకపోతే చాలావరకు బెణుకే. మన సీమలో ఏది జరిగినా ముందు పుత్తూరు కట్టు గుర్తొస్తుంది, వాళ్ల నాయన కూడా అక్కడికే తీసుకుపోతానన్నాడని విన్నా. పెద్దల నమ్మకాన్ని కాదనొద్దు, కానీ ఎక్స్‌రే చూశాకే ఏ కట్టయినా అని నచ్చజెప్పు. ఐసు నొప్పి తగ్గడానికి, జ్యూస్ బండి దగ్గర దొరికే ముక్కలే చాలు, గుడ్డలో చుట్టి కాసేపు పెట్టాలి, నేరుగా చర్మం మీద కాదు. వాపు దిగగానే నయమైందనుకుంటారు, అక్కడే మోసపోయేది. గోడ పట్టుకోకుండా, కళ్లు మూసుకుని, ఆ ఒక్క కాలి మీద నిలబడమను. ఊగిపోతోందంటే ఇంకా ఆటకు పనికిరాదు. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం అలవాటు చేయి, నవ్వుతారు, నవ్వనీ.

మోకాలు తిరిగిన అమ్మాయి గురించి రాయాలంటే చేయి ఆడటం లేదు. ఎవరూ తగలకుండానే పరుగులో దిశ మార్చబోయి పడిందన్నావు, టప్ మని శబ్దం వచ్చిందన్నావు, కాసేపటికే మోకాలు గుమ్మడికాయంత అయిందన్నావు. ఇవన్నీ ఏసీఎల్, అంటే మోకాలి లోపలి లిగమెంటు తెగినప్పటి లక్షణాలే. నేను డాక్టర్ని కాను, ఎమ్మారై తీసి ఎముకల డాక్టర్ చెప్పాలి. అదే అయితే ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆటలోకి రావడానికి తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు, తొందరపడితే మళ్లీ తెగే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఈ ఏడాది సెలక్షన్స్ ఆమెకు లేవు, ఆ మాట మెత్తగానైనా సరే స్పష్టంగా చెప్పండి, ఆశ పెట్టి తిప్పొద్దు. అలాగని గ్రూపులోంచి, గ్రౌండులోంచి దూరం చేయొద్దు. మ్యాచ్‌లో అవతలివాళ్ల ఆట రాసిపెట్టే పని ఇవ్వు, కొత్త రైట్ బ్యాక్‌కి నేర్పే పని ఇవ్వు. దెబ్బ తగిలిన ఆడపిల్ల ఇంట్లో కూర్చుంటే వారంలోపే ఎవరో ఒక చుట్టం "ఇంక ఆటలెందుకు, సంబంధం చూద్దాం" అంటాడు, ఆ మాట లేవకముందే ఆమె గ్రౌండులో కనపడాలి. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల పుణ్యమా అని మన అనంతపురం జిల్లాలో పల్లె ఆడపిల్లలు షార్ట్స్ వేసుకుని బంతి తన్నడం ఇప్పుడు వింత కాకుండా పోయింది గానీ, ఇంట్లో ఒప్పించుకోవడం ఎంత కష్టమో ఇప్పటికీ ఆ పిల్లలకే తెలుసు.

ఇక నాలుగో మనిషి, బయట కూర్చున్న గోల్ కీపర్. ఆమె వేలికి పక్క వేలు కలిపి టేపు చుట్టండి, సరిగ్గా ముడవలేకపోతుంటే ఎక్స్‌రే. అంతే.

ఇక నీ సంగతి. నలుగురే కూర్చున్నారని ఊరంతా అనుకుంటోంది, ఐదో మనిషివి నువ్వని నాకు తెలీదనుకోకు. సెకండాఫ్‌లో రెండు సార్లు తొడ వెనక చేయి పెట్టుకున్నావు, మూడోసారి బంతి వదిలేసి నడిచావు. మ్యాచ్‌కి ముందు ఎవరో నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేశారని మీ అమ్మ నోరు జారింది. ఇంకెప్పుడూ ఆ పని చేయకు. నొప్పి తెలియకుండా చేసుకుని పరిగెత్తితే చిన్న చీలిక పెద్దదవుతుంది. హ్యామ్‌స్ట్రింగ్, అదే తొడ వెనక కండరం, ఒకసారి పట్టేసిందంటే మళ్లీ పట్టేసేది ఎక్కువగా తిరిగొచ్చిన మొదటి వారాల్లోనే, ఎందుకంటే నడకలో నొప్పి పోగానే ఫుల్ స్పీడు అందుకుంటారు. ముందు సగం స్పీడు, నొప్పి లేకపోతే ముప్పావు, అదీ బాగుంటే ఫుల్, ప్రాక్టీసులో ఫుల్ స్పీడు చాలాసార్లు తీశాకే మ్యాచ్. సెలక్షన్స్‌కి అప్పటికి రెడీ కాకపోతే పీడీ మేడమ్‌తో పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. కెప్టెన్ దాచిపెడితే కిందవాళ్లు కూడా దాస్తారు, తల దెబ్బ పాప నిన్ను చూసే కదా నేర్చుకునేది.

వార్మప్ మీద కూడా ఒక మాట. మీరు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తి, నాలుగు సాగదీతలు చేసి అదే వార్మప్ అనుకుంటున్నారు. ఫిఫా వాళ్ల 11 ప్లస్ అని ఒక వార్మప్ పద్ధతి ఉంది, ఇరవై నిమిషాలు, బంతి, గుర్తుకు కోన్లు తప్ప పెద్ద సామానేమీ అక్కర్లేదు. నార్వేలో అమ్మాయిల జట్లతో చేయించి 2008లో ఫలితాలు ప్రచురించారు, చేసినవాళ్లలో దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అందులో ఒకటి నీకు బాగా పనికొస్తుంది, నొప్పి పూర్తిగా పోయాకే మొదలుపెట్టు: మోకాళ్ల మీద నిటారుగా నిలబడు, స్నేహితురాలు వెనక చీలమండలు గట్టిగా పట్టుకోవాలి, నడుము వంచకుండా ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ముందుకు వాలి, ఆపుకోలేనప్పుడు చేతులు ఆనించు. మొదటి రోజు మూడు నాలుగు చేస్తే చాలు, ఎక్కువ చేస్తే మర్నాడు మెట్లు దిగలేవు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకుంటున్నాయేమో ఒకరినొకరు చూసుకోండి, ఏసీఎల్‌కి అక్కడే ముప్పు, మగపిల్లలకన్నా మీకే ఎక్కువ కూడా. వారంలో కనీసం రెండు సార్లయినా చేయాలి, మ్యాచ్ ఉన్న వారమే గుర్తుచేసుకుంటే లాభం లేదు.

తిండి గురించి మీ అమ్మకు వేరే చెప్పాలా, సంగటి, గుడ్లు, చెనక్కాయలు ఇంట్లో ఎలాగూ ఉంటాయి. హాస్టల్ పిల్లలు పొద్దున ఏమీ తినకుండా ప్రాక్టీసుకొస్తున్నారేమో చూడు.

ఆఖరుగా కాగితాల పని, ఇది మర్చిపోతే నాకు కోపం వస్తుంది. టోర్నీ మొత్తానికి పంపిన పేర్ల లిస్టులో బయట కూర్చున్న నలుగురి పేర్లు, బెంచీ మీద ఉన్నవాళ్ల పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో మీ ఆఫీసులో చూడు. స్పెల్లింగు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. రేపు స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో పోయినప్పుడు ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపుతారు, అప్పుడు సంతకం పెట్టిన మేడమ్ ఏ ఊరికి ట్రాన్స్‌ఫర్ అయి ఉంటుందో. సర్టిఫికెట్లు చేతికి రాగానే అందరివీ ఫోటోలు తీసి నాకు వాట్సాప్ చేయి, తప్పులుంటే చూసి చెప్తా. ఆ మోకాలి అమ్మాయి ఎమ్మారై రిపోర్టు కూడా.

మీ పెదనాయన