ఆస్టన్ రోవంట్‌కి ఏ నెలలో వెళ్లాలి?

ప్రశ్న: లండన్‌కి కొత్తగా వచ్చాం. పిల్లలతో ఆస్టన్ రోవంట్ వెళ్లాలనుకుంటున్నాం. ఎప్పుడు బాగుంటుంది?

జవాబు: ఏం చూడాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి, నెల దాన్నిబట్టే. ఇది పార్కు కాదు, లండన్‌కి వాయవ్యంగా చిల్టర్న్ కొండల అంచున ఉన్న జాతీయ ప్రకృతి రిజర్వు. టాయిలెట్లు, కేఫ్, ఊయలలు ఉంటాయనుకోవద్దు. నీళ్లు, తిండి ఇంటి నుంచే తెచ్చుకోవాలి. కారులో అయితే ఎం40 మోటార్‌వే మీద 5వ జంక్షన్ దగ్గర దిగి, బీకన్ హిల్ కార్ పార్కింగ్‌కి వెళ్లండి. కారు లేకపోతే లండన్ నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లే ఆక్స్‌ఫర్డ్ ట్యూబ్ అనే బస్సు ఎక్కి లూక్నర్ ఊళ్లో దిగి, కొండ మీదికి నడవాలి. రిజర్వును ఎం40 రెండు ముక్కలు చేసింది కాబట్టి వాహనాల హోరు వినిపిస్తూనే ఉంటుంది.

బ్లూబెల్స్ అనే నీలిరంగు అడవి పూల కోసమైతే ఏప్రిల్ చివరి వారం నుంచి మే మధ్యలోపు, పక్కనే ఉన్న కౌలీజ్ వుడ్‌కి వెళ్లండి. ఫొటో కోసం పిల్లల్ని పూల మధ్య కూర్చోబెట్టకండి. ఆకులు నలిగితే దుంపకు ఆహారం అందదు, తొక్కిన చోట మళ్లీ పూయడానికి ఏళ్లు పడుతుంది. దుంపలు తవ్వడం 1981 చట్టం ప్రకారం నేరం.

అసలు అందం జులై, ఆగస్టుల్లో సుద్దనేల గడ్డిలో ఉంటుంది. చాలామంది కొండ మీద నిలబడి దూరాన ఉన్న పొలాలు చూసి తిరిగొచ్చేస్తారు, అది చాలా అన్యాయం. మోకాళ్ల మీద కూర్చుని అరచేతి మేర చూడండి. ఊదారంగు అడవి థైమ్ ఉంటుంది, ఆకు మీద వేలు రాస్తే లీలగా వాము వాసన. దాని పక్కనే ఆర్కిడ్లు, పైన లేతనీలం చాక్‌హిల్ బ్లూ సీతాకోకచిలుకలు. సుద్ద మీద మట్టి పొర పలచన, సారం తక్కువ. అందుకే ఏ ఒక్క గడ్డీ ఏపుగా పెరిగి మిగతావాటిని అణచలేదు. సారం పెరిగితే ఈ చిన్న పూలే ముందు పోతాయి. కాబట్టి కుక్క ఉంటే దాని మలం తప్పకుండా సంచిలో ఎత్తి తీసుకెళ్లండి. గొర్రెలు మేస్తుంటే కుక్కకు గొలుసు వేయండి, గేటు ఎలా ఉంటే అలాగే వదలండి.

అక్టోబరు చివర బీచ్ (beech) అనే జాతి చెట్లు రాగిరంగుకు తిరుగుతాయి. పుట్టగొడుగులు మాత్రం కోయకండి, డెత్ క్యాప్ అనే విష పుట్టగొడుగు తింటే కాలేయం దెబ్బతిని ప్రాణం పోవచ్చు. తడిసిన సుద్దబాట మీద మామూలు స్పోర్ట్స్ షూ జారిపోతాయి, గట్టి పట్టున్న బూట్లు కావాలి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరండి. రెడ్ కైట్ గద్దలు మాత్రం ఏడాది పొడవునా కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో అంతరించిపోతే, స్పెయిన్ నుంచి తెచ్చి ఈ కొండల్లో వదిలిన వాటి సంతతి ఇవి.

వేసవిలో గడ్డిలో టిక్స్ ఉంటాయి, ఇవి పిడుదులే. ప్యాంటు అంచు సాక్సులో దోపండి. ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో, తలలో వెతకండి. పట్టుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నలపకుండా నిటారుగా లాగండి. తర్వాతి వారాల్లో అక్కడ వలయంలా ఎర్రబారితే జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించి, టిక్ కరిచిందని చెప్పండి.