సైనికుడి జీతం సైన్యం చేతిలో ఎందుకు లేదు? డిఫెన్స్ అకౌంట్స్ శాఖ కథ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డిఫెన్స్ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ కంపెనీ కాలం నాటిదేనా, జవాను జీతం లెక్కలు సైన్యం చూసుకోకుండా సివిలియన్ శాఖ చేతికి ఎందుకిచ్చారు, అలవెన్సు ఆగితే యూనిట్ వాళ్ళు పీఏఓ (ఈ శాఖ కింద జీతాల లెక్క చూసే పే అకౌంట్స్ ఆఫీసు) పేరు, పీఏఓ వాళ్ళు యూనిట్ పేరు ఎందుకు చెబుతారు. మూడోదానికి జవాబు మొదటి రెండింటిలోనే ఉంది కాబట్టి పాత సంగతుల నుంచే వస్తాను.

శాఖ తన పుట్టుకను 1747 నుంచి లెక్కేసుకుంటుంది. ఏటా అక్టోబర్ 1న వార్షికోత్సవం జరుపుతారు, 2022లో జరిగింది 275వది. అప్పట్లో ఇది శాఖ కాదు. ఈస్టిండియా కంపెనీ సైనికులకు జీతం పంచే పేమాస్టర్లు, అంతే. అంతకుముందు మొఘలుల దగ్గర ఆ పని బక్షీలది. అక్బర్ కాలంలో గుర్రానికి ముద్ర వేయడం, సైనికుడి ఆనవాళ్ళు రాసుకోవడం మొదలైంది కూడా జీతం లెక్క కోసమే. వెయ్యి గుర్రాలకు డబ్బు తీసుకుని ఆరువందలే చూపించేవాళ్ళు, తనిఖీ రోజున పక్కవాడి గుర్రాలు అరువు తెచ్చి నిలబెట్టేవాళ్ళు. కంపెనీ సైన్యానికీ ఇదే జబ్బు: చనిపోయినవాడు, పారిపోయినవాడు హాజరు పట్టీలో బతికే ఉంటాడు, వాడి జీతం ఇంకెవరో తింటారు. తలలు లెక్కపెట్టేవాడు, డబ్బు పంచేవాడు ఒక్కడే అయితే ఇది ఆగదు. సైన్యపు లెక్కల శాఖ ఎక్కడ పుట్టినా మూలం ఇదే.

రెండో తలనొప్పి బత్తా. డ్రైవర్ బత్తా అని మనం ఇప్పటికీ అంటున్నామే, అదే మాట. కంటోన్మెంట్ వదిలి బయటికి కదిలినప్పుడు ఇచ్చే అదనపు భత్యం. ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ ఇచ్చిన రెట్టింపు బత్తాకు అలవాటు పడిన బెంగాల్ అధికారులు, 1766లో క్లైవ్ దాన్ని తీసేస్తే మూకుమ్మడిగా రాజీనామాలకు దిగారు. 1844లో సిపాయిలు సింధ్‌కు కదలమని మొరాయించారు. అంతకుముందు ఏడాదే సింధ్‌ను కంపెనీ కలుపుకుంది కాబట్టి అది ఇక పరాయి గడ్డ కాదు, పరాయి గడ్డ బత్తా రాదు అని లెక్కల వాళ్ళ వాదన. రూలు ప్రకారం సరే, మనిషి నడవాల్సిన ఎడారి మాత్రం మారలేదు. ఇప్పుడు ఫీల్డ్ ఏరియా, మాడిఫైడ్ ఫీల్డ్ ఏరియా, పీస్ స్టేషన్ అని ప్రతి ప్రాంతాన్నీ విడగొట్టి అలవెన్సు కట్టడం ఆ తగాదా కొనసాగింపే.

తెలుగు నేల మీదే జరిగినా మనవాళ్ళు అంతగా చెప్పుకోని ఉదంతం ఒకటుంది, మచిలీపట్నం, 1809. మద్రాసు సైన్యంలో డేరాల కాంట్రాక్టు అనే పద్ధతి ఉండేది. సిపాయి పటాలం కమాండరుకు డేరాలు, వాటిని మోసే ఎద్దుల కోసం నెలకింత అని ముట్టజెప్పేవారు, యుద్ధమున్నా లేకున్నా ఒకటే మొత్తం. పటాలం కదలని నెలల్లో అది కమాండరు జేబులో మిగులుతుంది. అంటే డేరాలు ఎంత పాతబడితే, ఎద్దులు ఎంత తక్కువుంటే ఆయనకు అంత లాభం. తీరా యుద్ధం వచ్చిపడితే కదలడానికి సరంజామా ఉండదు. క్వార్టర్‌మాస్టర్ జనరల్ మన్రో ఇదే మాట నివేదికలో రాశాడు (దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో కాదు, ఈయన జాన్ మన్రో). 1808లో కాంట్రాక్టు రద్దయింది. అధికారులకు అది ఆదాయానికే కాక పరువుకు కూడా దెబ్బగా తోచింది. మరుసటి ఏడాది మచిలీపట్నంలో మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అధికారులు తమ కమాండరునే నిర్బంధించారు. అలజడి హైదరాబాద్ దళాలకూ, శ్రీరంగపట్నానికీ పాకింది. మారుతూ ఉండే ఖర్చుకు స్థిరమైన మొత్తం కట్టి, మిగులు ఖర్చు పెట్టేవాడికే వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తట్టదు.

తర్వాతి గుణపాఠం లెక్కల వాళ్ళకే తగిలింది. రెండో ఆఫ్ఘన్ యుద్ధం ఖర్చు, 1880లో బయటపడేసరికి, తొలి అంచనాకు రెండింతలు దాటింది. దొంగతనం కాదు, పద్ధతిలో లోపం. సరిహద్దు ట్రెజరీల నుంచి అధికారులు అడ్వాన్సుల కింద నగదు తీసుకుపోతున్నారు. బిల్లులు వచ్చి ఆడిట్ అయ్యేదాకా ఆ డబ్బు అనామతు ఖాతాలోనే (ఏ ఖర్చో తేలేదాకా తాత్కాలికంగా ఉంచే పద్దు) ఉంటుంది. మిలిటరీ అకౌంట్స్ వాళ్ళేమో ఆడిట్ పూర్తయిన బిల్లులనే ఖర్చుగా చూపారు. ఖజానా ఖాళీ అవుతున్నా కాగితం మీద యుద్ధం చవగ్గానే నడుస్తోంది. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక సభ్యుడు జాన్ స్ట్రేచీ పేరు దీంతో మసకబారింది. బ్యాంకు నుంచి వెళ్ళిన డబ్బుకూ, పద్దు కింద ఎక్కిన ఖర్చుకూ మధ్య తేడాను ఈ శాఖ ఇవాళ్టికీ నెలనెలా సరిచూసుకుంటుంది. అనామతులో పాతబడిన పద్దు కనపడితే పైవాళ్ళు నిలదీస్తారు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. మూడు ప్రెసిడెన్సీల సైన్యాలు 1895లో ఒక్కటయ్యాయి. వైస్రాయ్ కర్జన్, సర్వసేనాధిపతి కిచనర్ తగువు తర్వాత పాత మిలిటరీ డిపార్ట్‌మెంట్ పోయి, ఆర్థిక శాఖలో మిలిటరీ ఫైనాన్స్ విభాగం వచ్చింది. 1951లో మిలిటరీ అకౌంట్స్ పేరు డిఫెన్స్ అకౌంట్స్ అయింది, అధిపతి పదవి పేరు సీజీడీఏ (కంట్రోలర్ జనరల్ ఆఫ్ డిఫెన్స్ అకౌంట్స్)గా మారింది. 1983లో రక్షణ ఫైనాన్స్ విభాగం ఆర్థిక శాఖ నుంచి రక్షణ మంత్రిత్వ శాఖకు వచ్చింది. ఒక పొరపాటు అభిప్రాయం చాలామందిలో ఉంది: ఈ శాఖా, కాగ్ ఆడిటూ ఒకటే అని. కాదు. ఇది చెల్లింపులు, లెక్కలు, అంతర్గత ఆడిట్ చేస్తుంది. దీని పనితో సహా అన్నిటినీ బయటి నుంచి చూసేది కాగ్.

ఇప్పుడు మీ మూడో ముక్క. జవాను జీతం ఖాతాను ఐఆర్ఎల్ఏ అంటారు, అది రెజిమెంటల్ సెంటరు ఊళ్ళో ఉండే పీఏఓ-ఓఆర్ (ఓఆర్ అంటే అదర్ ర్యాంక్స్, అధికారులు కాని సైనికులు) దగ్గర ఉంటుంది. అధికారులదైతే పుణెలో ఇదే శాఖ కార్యాలయమైన పీసీడీఏ-ఆఫీసర్స్ దగ్గర. కానీ మీరు పెళ్ళి చేసుకున్నారు, సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చారు, ఫీల్డ్‌కు మారారు అని చెప్పాల్సింది యూనిట్. ఆ చెప్పే కాగితమే పార్ట్-టూ ఆర్డర్. అది లేకుండా పీఏఓ ఒక్క రూపాయి కూడా కలపలేదు. హాజరు చెప్పేవాడు వేరు, డబ్బు కట్టేవాడు వేరు అన్న పాత సూత్రమే ఇది, మీ విషయంలో యూనిట్‌కూ పీఏఓకూ మధ్య ఆ లింకు ఎక్కడో తెగింది.

కాబట్టి "నా అలవెన్సు ఎప్పుడొస్తుంది" అని అడగొద్దు. యూనిట్ క్లర్కును పార్ట్-టూ ఆర్డర్ నంబరు, తేదీ అడగండి. నంబరు లేకపోతే ఆర్డరే పడలేదు, పీఏఓ చుట్టూ తిరగడం వృథా. నంబరుంటే పీఏఓ దాన్ని తీసుకుందా, తిప్పి పంపిందా అని అడగండి. తిప్పి పంపడానికి ఎక్కువగా కనిపించే కారణాలు మూడు. ముందరి సంఘటన ఆర్డరు పడకుండానే తర్వాతిది పడటం మొదటిది: సెలవు నుంచి తిరిగి చేరినట్టు ఆర్డరు లేదు, ఫీల్డ్‌కు వెళ్ళినట్టు మాత్రం ఉంది. రెండోది తేదీల తేడా, పాత యూనిట్ వదిలిన రోజుకూ కొత్త యూనిట్‌లో చేరిన రోజుకూ పొంతన కుదరకపోవడం. మూడోది పేరులో అక్షరాలు. మన ఇంటిపేర్లు ముందుంటాయి, ఆధార్‌లో ఒకలా, సర్వీసు రికార్డులో ఇంకోలా పడతాయి. తిప్పి పంపిన ఆర్డరును యూనిట్ సరిచేసి మళ్ళీ వేయాలి, పీఏఓ తనంతట దిద్దదు. ఆర్డరు అందింది, తప్పూ లేదు, అయినా జీతం పట్టీలో పడలేదంటే అప్పుడే అది నిజంగా పీఏఓ తప్పు. ఆర్డరు నకలు జతచేసి రాతపూర్వకంగా అడగండి.

పెన్షన్ సంగతి వేరు. మొన్నమొన్నటిదాకా ప్రయాగ్‌రాజ్‌లోని శాఖ పెన్షన్ కార్యాలయం నుంచి పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), సర్క్యులర్లు వెళ్ళేవి, పంచేవి మాత్రం బ్యాంకులు, డీపీడీఓలు (రక్షణ పెన్షన్ పంపిణీ కార్యాలయాలు), ట్రెజరీలు. ఒకే సర్క్యులర్‌ను ఒక్కో బ్యాంకు ఒక్కోలా అర్థం చేసుకునేది. 2014 జులై 1 నుంచి వర్తించిన ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ పట్టికల్లో ర్యాంకు, గ్రూపు, సర్వీసు ఏళ్ళు మూడూ కలిస్తేనే సరైన అంకె దొరుకుతుంది. ఏ ఒక్కటి తప్పుగా ఎక్కినా పక్కింటి హవల్దారుకీ మీకూ తేడా వచ్చేది. స్పర్శ్ అనే ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ వచ్చాక లెక్క కట్టేదీ, ఖాతాలో వేసేదీ శాఖే. మంచి మార్పే, కాకపోతే పాత డేటాలోని తప్పులు కూడా అందులోకి వచ్చి చేరాయి.

అందుకని మీవాళ్ళలో పెన్షనరు ఎవరున్నా స్పర్శ్‌లో లాగిన్ అయి ముందు ర్యాంకు, గ్రూపు, అర్హ సర్వీసు, భార్య పేరు, ఆమె పుట్టినతేదీ చూసుకోమనండి. భార్య పేరు రికార్డులో లేకపోయినా, ఆధార్‌తో కలవకపోయినా ఫ్యామిలీ పెన్షన్ ఆగేది అక్కడే. ఆ దిద్దుబాటు రికార్డ్ ఆఫీసు నుంచి మొదలవ్వాలి. పెన్షనరు బతికుండగా అయితే ఆయన సంతకంతో, ఉమ్మడి ఫొటోతో సులువుగా అయిపోయే పని. ఆయన పోయాక పెళ్ళి రుజువులు, అఫిడవిట్లు పట్టుకుని ఆమె ఒక్కతే తిరగాల్సి వస్తుంది.