డ్రిల్లింగ్ లేకుండా బిగించే గేటు మెట్లకి సరిపోతుందా?

విజయవాడ పటమటలో అద్దెకున్న డూప్లెక్స్ అన్నారు, బాబు దోగాడుతూ మెట్ల దాకా వచ్చేస్తున్నాడన్నారు, ఓనరు గోడలకి డ్రిల్లింగ్ పెట్టనివ్వట్లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికే స్క్రూలు అక్కర్లేని గేట్లు రెండు కొని పైనొకటి, కిందొకటి పెడితే చాలా అని కదా మీ ప్రశ్న. కింద చాలు. పైన మాత్రం వద్దండి, ఎంత ఖరీదైనదైనా సరే.

కారణం సింపుల్. ఆ గేటు రెండు పక్కలా రబ్బరు బుడిపెలతో గోడల్ని నొక్కుకుని నిలబడుతుంది, అంతే. పిల్లాడు రోజూ పట్టుకుని ఊపుతుంటే కొద్దికొద్దిగా వదులవుతుంది. కింద ఊడిందంటే వాడు రెండు మెట్లెక్కుతాడు, మనం పరుగెత్తి పట్టుకుంటాం. పైన ఊడితే గేటూ పిల్లాడూ కలిసే కిందికి వస్తారు. ఇంకోటి, ఆ గేటు ఫ్రేముకి అడుగున నేలమీద ఒక పట్టీ ఉంటుంది, తలుపు తీసినా అది అక్కడే ఉంటుంది. మాది గుంటూరు బ్రాడీపేట, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారూ మావయ్యగారూ మాతోనే ఉంటారు. కింద పెట్టిన గేటు పట్టీకే మావయ్యగారి పంచె తగులుతుండేది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఆ పట్టీ దాటాలంటే గేటు పైకమ్మి పట్టుకుని బరువంతా దానిమీద వేసి కాలెత్తేవారు. ఏ గేటూ ఆ పనికి చేసింది కాదు. అదే మెట్లపైన, చంకలో పిల్లాడితో దిగేటప్పుడు కాలికి ఆ పట్టీ తగిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మన ఇళ్లలో ఇంకో తంటా ఉంది. గోడకి అడుగున గ్రానైట్ స్కర్టింగ్ అర అంగుళం ముందుకి ఉంటుంది, కింది బుడిపె దానిమీద, పై బుడిపె గోడమీద కూర్చుంటాయి, ఫ్రేము వంకరవుతుంది, గడియ సరిగ్గా పడదు. పాలిష్ గ్రానైట్‌ మీద రబ్బరు జారుతుంది కూడా. రెండోవైపు స్టీలు రెయిలింగు గుండ్రటి పైపైతే బుడిపెకి అసలు ఆనుకునే చోటే ఉండదు. కొనేముందు ఆ రెండు వైపులూ ఒకసారి చేత్తో తడిమి చూడండి, వెడల్పు స్కర్టింగ్ దగ్గరొకసారి, నడుమెత్తులో ఒకసారి కొలవండి, తేడా వస్తుంది.

పైకి కావలసింది స్క్రూలతో గోడకి బిగించేది, అడుగున పట్టీ లేనిది, తలుపు ల్యాండింగ్ వైపుకే తెరుచుకునేది. మెట్ల వైపుకి తెరుచుకుంటే గేటుతో పాటు మనమూ ముందుకి వంగుతాం, అదే ప్రమాదం. చాలావాటికి ఒకవైపే తెరుచుకునేలా చిన్న స్టాపరు ఇస్తారు, అది పెట్టించుకోండి. కడ్డీల మధ్య ఖాళీ 6 సెంటీమీటర్లకి మించకూడదు. ఎత్తు పిల్లాడి ఎత్తులో కనీసం ముప్పావు వంతు ఉండాలి. పెట్టెమీద ఈఎన్ 1930 అనో ఏఎస్‌టీఎం ఎఫ్1004 అనో ఉందేమో చూడండి, మొదటిది యూరప్ ప్రమాణం, రెండోది అమెరికాది. గడియ మాత్రం షాపులోనే ఒంటిచేత్తో తీసి చూడాలి, ఎందుకంటే తీయడం కష్టమైన గేటుని ఇంట్లో అందరూ తెరిచే వదిలేస్తారు. పనమ్మాయికీ చూపించండి, బకెట్టుతో వెళ్తూ మూసేది ఆవిడే.

ఇక ఓనరు సంగతి. పైన పడేవి నాలుగే చిన్న రంధ్రాలు, ఖాళీ చేసేటప్పుడు వాల్ పుట్టీ పెట్టి రంగు వేసిస్తామని చెప్పండి, కావాలంటే వాట్సాప్‌లో రాసివ్వండి. పిల్లాడి మాట చెప్తే చాలామంది కరుగుతారు. రెయిలింగు వైపు పైపుకి రంధ్రం పెట్టక్కర్లేదు: ఒక మందపాటి చెక్కని యూ క్లాంపులతో పైపుకి బిగించి, గేటు స్క్రూలు ఆ చెక్కకి వేయిస్తే ఊడదు. గోడ వైపు స్క్రూ ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి దిగాలి, మూల అంచుకి దగ్గరగా వేస్తే పెచ్చు లేస్తుంది. మీ వైపు ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకలు ఎక్కువ కదా, వాటికి మామూలు ప్లగ్గులు పట్టేస్తాయి. తేలికపాటి బ్లాకుల గోడైతే దానికి వేరే ప్లగ్గులుంటాయి, హార్డ్‌వేర్ షాపులో గోడ ఏదో చెప్పి తీసుకోండి. ఓనరు ససేమిరా అంటే పై గది తలుపుకే పైన గడియ పెట్టుకుని, బాబు పడుకోవడం, ఆడుకోవడం కింది హాల్లోకి మార్చేయండి. నా మటుకు నాకు, పైన సరిగా బిగించని గేటు కంటే అది నయం.

మెట్లు మరీ వెడల్పైతే రెడీమేడ్ దొరకదు, వెల్డింగ్ షాపులో చేయించొచ్చు. మేం పైది అలాగే చేయించాం. నిలువు కడ్డీలే పెట్టమనండి, వాళ్లకి పువ్వుల డిజైన్ వేయకపోతే చెయ్యాడదు, ఆ పువ్వులే పిల్లలకి నిచ్చెన. అంచులన్నీ గ్రైండింగ్ చేయించాలి. రంగు మీరే కొనివ్వండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2017 నవంబరు నుంచి మన దేశంలో నిబంధన ఉంది, కానీ అది ఇళ్లకి వాడే రంగులకే, షాపులో డబ్బా అడుగున మిగిలింది ఏ రంగో మనకేం తెలుస్తుంది. పిల్లాడు ఆ గేటుని కొరకడం మాత్రం ఖాయం.

అన్నట్టు, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టే చక్రాల వాకరు ఉంటే గేటు కంటే ముందు దాని సంగతి చూడండి. పిల్లలు వాటితో మెట్లమీంచి దొర్లిపోతున్నారనే కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మనవాళ్లు పుట్టినరోజుకి ఇంకా అదే తెస్తారు, మా ఇంటికి వచ్చింది అటకెక్కింది.

గేటు ఎన్నాళ్లంటే, రెండేళ్లు వచ్చేదాకా అనుకోండి. ఈలోపే వాడు గేటెక్కడం మొదలుపెట్టినా, గడియ తీయడం నేర్చినా వెంటనే తీసేయాలి, దాన్ని ఎక్కి పడితే ఇంకా ఎత్తునుంచి పడతాడు. మీ మెట్ల వెడల్పు, రెయిలింగు పైపు లావు పెట్టండి, రెడీమేడ్ పడుతుందో చేయించాలో చెప్తాను.