కూల్ కేక్ మీద క్రీమ్ నున్నగా రావాలంటే

ప్రశ్న: పుట్టినరోజుకి ఇంట్లోనే 6 అంగుళాల వెనిలా కేక్ చేశాను. స్పాంజ్ బాగానే వచ్చింది. క్రీమ్ రాస్తుంటే మాత్రం కేక్ పొడి అంతా కత్తికి అంటుకుని క్రీమ్‌లో కలిసిపోయింది. ఎంత సర్దినా గీతలు పోలేదు. బేకరీ కేక్‌లా నున్నగా ఎలా వస్తుంది? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పొడి లేవడానికి కారణం స్పాంజ్, గీతలకు కారణం క్రీమ్. రెండూ వేర్వేరుగా చూసుకోవాలి.

స్పాంజ్ చేసిన రోజే క్రీమ్ పూయకండి. పైన చల్లగా తగిలినా మధ్యలో వెచ్చదనం ఉంటుంది, దానికి క్రీమ్ జారిపోతుంది. బాగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్ (అతుక్కునే పల్చటి ప్లాస్టిక్ పొర) చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గట్టిపడిన స్పాంజ్ కోసినా పొడి పెద్దగా రాలదు. పైన ఉబ్బిన భాగాన్ని పళ్లున్న బ్రెడ్ కత్తితో సమంగా తీసేసి, మూడు లేయర్లు కోయండి. అన్నిటికంటే అడుగు లేయర్ని బోర్లించి పైన పెట్టండి. టిన్నుకి ఆనిన వైపు చదునుగా ఉంటుంది కాబట్టి క్రీమ్ పూయడానికి అదే అనుకూలం. పంచదార సిరప్ మూడు లేయర్లకీ కలిపి 70, 80 మి.లీ. చాలు. అంచులు తడపకండి, నానిన అంచుకి క్రీమ్ పట్టదు.

ఇక అసలు పని. మొదటి పూత స్పాంజ్ రంగు బయటికి కనిపించేంత పల్చగా ఉండాలి. రాలిన పొడినంతా పట్టి ఉంచడమే దాని పని, అందం చూడక్కర్లేదు. పొడి అంటిన కత్తిని మళ్లీ క్రీమ్ గిన్నెలో పెట్టకుండా వేరే కప్పు అంచుకి గీకేయండి. తర్వాత కేక్‌ని అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. చాలామంది తొందరలో వదిలేసేది ఈ అరగంటే. అది లేకపోతే రెండో పూత మొదటి పూతని కూడా లాక్కొచ్చేస్తుంది.

రెండో పూతకి క్రీమ్ ధారాళంగా వేయండి. ఈ సైజు కేక్‌కి, లోపలి లేయర్లతో కలిపి, బీట్ చేయకముందు 250 మి.లీ. క్రీమ్ కావాలి. పైన కుప్పగా వేసి అంచులు దాటేదాకా పరిచి, ఆ తర్వాత పక్కలకి పూయండి. స్క్రాపర్‌ని (క్రీమ్ సమం చేసే చదునైన పలక) నిటారుగా, కింది అంచు కేక్ బోర్డుకి ఆనేలా పట్టుకుని చెయ్యి కదపకుండా టర్న్ టేబుల్ (కేక్ పెట్టి తిప్పే పీట) మాత్రమే తిప్పాలి. ఎక్కువైన క్రీమ్ స్క్రాపర్‌కి వచ్చేస్తుంది. గుంట కనిపిస్తే దాన్ని రుద్దకండి, కాస్త క్రీమ్ నింపి మళ్లీ తిప్పండి. పక్కలు అయ్యాక పై అంచు చుట్టూ క్రీమ్ గట్టులా లేస్తుంది. పాలెట్ నైఫ్‌ని (క్రీమ్ పూసే పదును లేని పొడవాటి కత్తి) పడుకోబెట్టినట్టు పట్టుకుని, బయటి నుంచి మధ్యకి లాగండి. ప్రతిసారీ కత్తి తుడుచుకోవాలి. చివర్లో కత్తిని వేడినీళ్లలో ముంచి, పొడిగా తుడిచి, ఒక్కసారి తేలిగ్గా లాగితే మెరుపు వస్తుంది. అక్కడితో ఆపేయండి. సర్దిన కొద్దీ క్రీమ్ బరకెక్కుతుంది.

ప్రశ్న: నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ వాడుతున్నాను. పూసేటప్పుడు బరకగా, చిన్న చిన్న రంధ్రాలతో వస్తోంది. – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎక్కువ బీట్ చేస్తున్నారు. డీప్ ఫ్రీజర్‌లోని ప్యాకెట్‌ని ముందు రోజు రాత్రే కింది ఫ్రిజ్‌లోకి మార్చండి. బయట పెట్టి కరిగిస్తే వెచ్చబడి సరిగా పొంగదు. గిన్నె, బీటర్ పుల్లలు కూడా చల్లగా ఉండాలి. మీడియం స్పీడులో మొదలుపెట్టి, బీటర్ గీతలు నిలవడం మొదలవగానే స్పీడు తగ్గించండి. బీటర్ ఎత్తితే క్రీమ్ కొన కొద్దిగా వంగాలి. పూతకి అది చాలు. పువ్వులు వేయడానికి మాత్రం కొంత క్రీమ్ విడిగా తీసి ఇంకాస్త గట్టిగా బీట్ చేసుకోండి.

బరకెక్కిన క్రీమ్‌ని పారేయనక్కర్లేదు. బీట్ చేయని చల్లటి క్రీమ్ రెండు స్పూన్లు పోసి, స్పాట్యులాతో చేత్తోనే కలిపితే మళ్లీ మెత్తబడుతుంది. రంధ్రాలు పోవాలంటే క్రీమ్‌ని గిన్నె గోడకి నొక్కుతూ ఒక నిమిషం కలపండి, లోపలి గాలి బుడగలు పగులుతాయి.

ప్రశ్న: చిన్న అట్టపెట్టెల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ ఎంత బీట్ చేసినా గట్టిపడటం లేదు. – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: గట్టిపడదు. కూరల్లో వేసే ఆ క్రీమ్‌లో కొవ్వు సాధారణంగా 25 శాతమే. బీట్ చేస్తే గట్టిపడాలంటే కనీసం 30 శాతం ఉండాలి, 35 ఉంటే ఇంకా మంచిది. పెట్టె మీద చూసి కొనండి.

ప్రశ్న: ఎండాకాలంలో బటర్ క్రీమ్ చేస్తే జారిపోతోంది, పంచదార పలుకులు కూడా తగులుతున్నాయి. – ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఉప్పు లేని వెన్న 200 గ్రాములకి ఐసింగ్ షుగర్ 400 గ్రాములు, పాలు రెండు టేబుల్ స్పూన్లు కొలత. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వెన్న మెరవకూడదు. మెరిసిందంటే కరగడం మొదలైనట్టే. పంచదార వేయకముందే వెన్నని తెల్లబడేదాకా అయిదు నిమిషాలు బీట్ చేయండి. పలుకులు మిక్సీలో ఆడించిన పంచదార వల్లే. కప్పు పంచదారకి స్పూన్ కార్న్‌ఫ్లోర్ కలిపి ఆడించి, రెండుసార్లు జల్లించండి. అయినా కొన్న ఐసింగ్ షుగర్ అంత నునుపు రాదు. క్రీమ్ జారుతుంటే ఇంకా పంచదార వేయకండి, తీపి పెరగడం తప్ప లాభం ఉండదు. గిన్నెతో సహా పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ బీట్ చేయండి. మే నెలలో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు. ఫ్రిజ్‌లోంచి తీశాక కేక్‌కి చెమట పడితే తుడవకండి, గీతలు పడతాయి. మూత పెట్టిన డబ్బాలోనే కాసేపు ఉంచి తీస్తే చెమట తక్కువ పడుతుంది.