పూలు ఎండబెట్టబోతున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు, పెద్దమ్మ ఆశీర్వదించి రాసే ఉత్తరం.

రంగూ రూపూ చెడకుండా పూలను ఎండబెట్టాలని నువ్వు పూనుకున్నావని మీ అమ్మ చెప్పగానే గర్వంగా అనిపించింది. వెంటనే, నీ తొందర గుర్తుకొచ్చి గుబులు కూడా పుట్టింది.

మంచు తడి ఆరిన తరువాత, పూర్తిగా విచ్చుకోని పూలను కొయ్యి. ఎండిన కాడ పెళుసుబారుతుంది కనుక, పువ్వును నిలబెట్టే సన్నటి లోహపు తీగను ముందే గుచ్చు. బొగడబంతి వంటి పూలు తలకిందులుగా వేలాడదీసినా చక్కగా ఎండుతాయి. గులాబీ రేకులు అలా ముడుచుకుపోతాయి కనుక వాటిని సన్నటి సిలికా జెల్‌లో, అంటే తేమను పీల్చుకునే పొడిలో, పూడ్చాలి. జెల్‌ను పువ్వు మీద కుమ్మరించకుండా, చుట్టూ పోస్తూ, రేకులకు లోపలా బయటా ఒకేలా ఆసరా దొరికేట్టు చెంచాతో కొద్దికొద్దిగా జార్చి, గాలి చొరకుండా మూత బిగించు.

గులాబీకి సాధారణంగా 5 నుంచి 7 రోజులు పడుతుంది. నేను భయపడేది ఆ రోజుల గురించే. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి, వాళ్ళ అమ్మ చివరిగా పెంచిన మొక్క పూలను ఇలాగే పూడ్చింది. పై రేకులు కాగితంలా గలగలలాడగానే ఎండిపోయాయనుకుని తీసి, అద్దాల పెట్టెలో పెట్టి మూసేసింది. రేకులన్నీ కలిసే తొడిమ దగ్గర తడి అన్నింటికన్నా ఆలస్యంగా ఆరుతుందన్న సంగతి ఆమె తలపుకు రాలేదు. అక్కడ మిగిలిన తేమ మూసిన పెట్టెలో రేకులకు పాకి, అవి మెత్తబడి వాలిపోయాయి, ఆ తరువాత బూజు పట్టింది. ఆ మొక్క మళ్ళీ పూయలేదు. ఆ పిల్ల ఏడుపు చూశాక, ఎవరికి నేర్పినా ముందు తొడిమను నొక్కి చూడమనే చెబుతున్నాను. అది మెత్తగా ఉంటే పువ్వును జెల్ పైన నిలబెట్టి, మూతపెట్టి ఇంకొన్నాళ్ళు ఆగు. అలాగని మరిచిపోతే రేకులు పెళుసై రాలిపోతాయి, కాబట్టి డబ్బా మీద తేదీ రాసి పెట్టుకో.

పసుపు, నారింజ రంగులు బాగా నిలుస్తాయి, ఎరుపు నల్లబడుతుంది, తెలుపు మీగడ రంగుకు తిరుగుతుంది. పూలను ఎండ తగిలే చోట ఉంచితే ఏ రంగైనా వెలిసిపోతుంది.

చిన్నప్పటి నుంచీ నీకు ఆయాసం, తల్లీ. ఆ జెల్ పొడి గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు పెట్టుకోకుండా డబ్బా తెరిచావని తెలిస్తే నేను ఊరుకోను. నీలిరంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికరమైన రసాయనం ఉంటుంది కనుక అది కొనవద్దు. వాడిన జెల్‌ను, పొట్లం మీద చెప్పిన వేడి మించకుండా ఆరబెట్టి, మళ్ళీ వాడుకోవచ్చు. మొదట ఒక్క పువ్వునే ఎండబెట్టి, తొడిమ ఎలా ఉందో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ